ఒక్క గీత తక్కువ

ఈ సంగతి మా ఇంట్లో తెలుసు, మా మామ మండీలో కాటా దగ్గర నిలబడే ప్రతి మనిషికీ తెలుసు. బయటివాళ్లకు చెప్పడం ఇదే మొదలు. మీరు కంప్యూటరు చదువు చదవకపోయినా పర్వాలేదు. ఇంట్లో మిక్సీ కమురు వాసన కొడుతుంటే "ఇంకా తిరుగుతోంది కదా" అని మూత బిగించి, దోసెల పిండి రుబ్బుకున్న అనుభవం ఉంటే చాలు. నేను చేసిన పని మీకు పూర్తిగా అర్థమవుతుంది.

మా మేనమామకు దామలచెరువు దగ్గర మామిడికాయల మండీ ఉంది. మే నుంచి జులై దాకా ఆయన ఇంటికి వచ్చేది స్నానానికే. తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది, బేనీషా మద్రాసుకో బెంగళూరుకో ఎక్కుతుంది. 2014లో నేను తిరుపతిలో ఎంసీఏ ముగించి, కొర్లగుంటలో ఒక గది తీసుకుని ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మామ అప్పటికింకా కార్బన్ పేపరు పెట్టి చీటీలు రాస్తున్నాడు. "అల్లుడూ, నీ చదువు మనకేమన్నా పనికొస్తాదా?" అని ఒకరోజు అడిగాడు. ఆ మాట పట్టుకుని పది రోజులు నిద్రపోలేదు. తూకం, తరుగు, టన్ను ధర, కమీషను, కూలి అన్నీ లెక్కగట్టి తెలుగులో చీటీ ముద్రించే ప్రోగ్రాము రాశాను. మొదటి చీటీ ప్రింటరులోంచి బయటికి వచ్చినప్పుడు మామ దాన్ని కళ్లకద్దుకున్నాడు. నేను ఆ క్షణంలో శేషాచలం మీద నిలబడి లోకాన్ని చూస్తున్నట్టు అయిపోయాను.

ప్రోగ్రాము రాసింది పైథాన్‌లో. గైడో వాన్ రోసమ్ అనే నెదర్లాండ్స్ దేశస్థుడు 1991లో లోకానికి వదిలిన భాష అది. ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, దాని లోపలి కోడు విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు. మూడో పైథాన్ 2008 డిసెంబరులోనే వచ్చింది. పాతదానిలో రాసినవి కొన్ని ఇందులో నడవవు, మార్చుకోండి అని చెప్పే వదిలారు. అంటే నేను మండీ ప్రోగ్రాముకు మొదటి వరుస రాసేనాటికి కొత్తది వచ్చి ఆరో ఏడు. తెలిసి తెలిసీ రెండోదాన్నే పట్టుకున్నాను. నా దగ్గరున్న పుస్తకం దానిదే అన్నది పైకి చెప్పుకున్న కారణం. లోపలి కారణం వేరు. నాకు వచ్చినదాన్ని పాతదని ఇంకొకరు అనడం నాకు నచ్చలేదు. రెండోదాన్ని 2015లో ఆపేస్తామని మొదట చెప్పారు. జనం ఇంకా సర్దుకోలేదని గడువును 2020 దాకా పొడిగిస్తున్నట్టు 2014లోనే ప్రకటించారు. ఆ వార్త చదివి, లోకమంతా నా కోసం ఆగిందన్నంత సంబరపడ్డాను.

మారకుండా ఉండడానికి మనిషికి సాక్ష్యాలు భలే దొరుకుతాయి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల చిన్న ప్యాకేజీని దాన్ని రాసినాయన వెనక్కి తీసేసుకుంటే, దాని మీద ఆధారపడ్డ వేలాది ప్రాజెక్టులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. "చూశారా, పక్కవాడి సరుకు మీద బతికితే ఇంతే" అని స్నేహితుల దగ్గర ప్రసంగించాను. నా ప్రోగ్రాము కూడా పక్కవాళ్లు రాసిన నాలుగైదు లైబ్రరీల మీదే బతుకుతోందని ఆ ప్రసంగంలో చెప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ఇంకా గొప్ప సాక్ష్యం దొరికింది, అదీ మన తెలుగుది. "జ్ఞా"తో మొదలయ్యే ఒక అక్షరాల కూర్పు మెసేజిగా వస్తే ఐఫోన్లలో ఆ యాప్ మూతపడిపోయేది. నేను వారం రోజులు అదే కథ చెప్పి, "అప్‌డేట్లు చేసుకుంటూ పోతే ఇదే గతి" అని తీర్పు ఇచ్చాను. ఆ జబ్బు కుదిరింది 11.2.6 అనే ఇంకో అప్‌డేటుతోనే. కథలో ఆ సగం నేను ఎవరికీ చెప్పలేదు.

2020 జనవరి 1న రెండో పైథాన్‌కు మద్దతు ముగిసింది. ఆ ఏప్రిల్‌లో 2.7.18 అనే ఆఖరి విడుదల వచ్చింది. ఇక దానిలో ఎంత పెద్ద చిల్లు కనబడినా, దాన్ని తయారుచేసినవాళ్లు పూడ్చరు. లాక్‌డౌనులో గదిలో కూర్చుని, చేతినిండా సమయం పెట్టుకుని, ఆ ప్రకటన మొత్తం చదివి, ఫోను పక్కన పడేసి పడుకున్నాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. మా దగ్గరికి కాయ తెచ్చే రైతుల్లో కొందరి ఊళ్లు చిత్తూరు జిల్లాలో ఉండిపోయాయి, కొందరివి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరును నేను ప్రోగ్రాములో తొమ్మిదిచోట్ల చేత్తో రాసిపెట్టి ఉన్నాను. తొమ్మిదిచోట్లా చేత్తోనే దిద్దాను. మండీ కంప్యూటరును నడిపేది ఉబుంటు 14.04 అనే పాత ఆపరేటింగ్ సిస్టం. ఆ కంప్యూటరు మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు మామే అడిగాడు, "సీజను లేనప్పుడే ఆ మిషను ఒకసారి చూసిపోరాదా" అని. "బాగానే ఉంది కదా మామా" అన్నాను.

నన్ను కదిలించింది బుద్ధి కాదు, రోషం.

2023 జూన్‌లో, సీజను నడిమధ్యలో, ఒక సాయంత్రం మండీకి వెళ్లాను. మామ కొడుకు ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నాడు. సెలవులకు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కాటా దగ్గర పదిమంది రైతులు, ఇద్దరు లారీ డ్రైవర్లు. వాళ్లందరి ముందు ఆ పిల్లవాడు అమాయకంగా అన్నాడు, "బావా, ఇది పైథాన్ రెండా? అది చచ్చిపోయి మూడేళ్లయింది కదా!" డ్రైవర్లు ఏదో పాము సంగతి అనుకుని నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. "ఈ రాత్రికే మార్చేస్తా చూడు" అన్నాను. "పాత చీటీలు కొన్ని తీసి, కొత్తదానిలో అవే మొత్తాలు వస్తున్నాయో లేదో చూసుకుందామా?" అని అడిగాడు వాడు. ఈ కథ మొత్తంలో తెలివైన మాట అదొక్కటే. "తొమ్మిదేళ్ల నుంచి నడుపుతున్నా, నాకు తెలీదా" అన్నాను.

పాత కంప్యూటరును పక్కన పెట్టి ఇంకోదానిలో ప్రయత్నించి ఉంటే నేను ఈరోజు ఇది రాసేవాణ్ని కాను. రాత్రి పదిన్నరకు కోడు, ఖాతాలు పెన్‌డ్రైవులోకి తీసుకుని, అదే డిస్కును తుడిచి ఉబుంటు 22.04 ఎక్కించాను. ఇక వెనక్కి పోయే దారి లేదు. "పైథాన్" అని కొడితే, అలాంటి ఆదేశమే లేదంది. కొత్త ఉబుంటులో దాని పేరు పైథాన్ త్రీ. రెండోదాన్ని విడిగా తెచ్చుకునే దారి ఆ రాత్రి కూడా తెరిచే ఉంది. పిల్లవాడు పక్కన మంచం మీద మేలుకుని ఉన్నాడు, నాకు నామోషీ. మూడోదానితో నడిపాను. ప్రింట్ అన్న ప్రతిచోటా బ్రాకెట్లు లేవని ఎర్రగా అరిచింది. పాత కోడును కొత్తదానికి తిప్పే "టూ టు త్రీ" అనే పరికరాన్ని నడిపాను, బ్రాకెట్లు వచ్చాయి. ఒక లైబ్రరీ దగ్గర ఆగింది. అది పాత పద్ధతిలో పిలిచే ఒక పేరును పైథాన్ 3.10లో తీసేశారట. 3.10లో లేకపోతే 3.11లో ఉంటుందేమో అనుకున్నాను. తీసేసిన వస్తువు తర్వాతి మెట్టులో ఎందుకు ఉంటుంది? అర్ధరాత్రి ఆ ప్రశ్న నాకు రాలేదు. 3.11 ఎక్కించాను, కంప్యూటరు మొత్తానికి అదే అసలు పైథాన్ అయ్యేలా లంకెను తిప్పేశాను, రీస్టార్ట్ చేశాను. ఆదేశాలు కొట్టే టెర్మినల్ కిటికీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను, తెరుచుకోలేదు. ఉబుంటులో ఆ కిటికీ తెరవడానికి కూడా తనతో వచ్చిన పైథానే కావాలి, నేను తీసేసింది దాన్నే. ఏ ఆదేశం ఇచ్చి బాగుచేయాలో, ఆ ఆదేశం ఇచ్చే చోటే మూతపడింది. కొమ్మ మీద కూర్చుని కొమ్మ నరికినవాడి కథ చిన్నప్పుడు చదివాం కదా, నేను ఏకంగా మొదలే నరికాను. ఒంటిగంట, ఒంటిగంటన్నర. ఫోనులో వెతికి, మూడు మీటలు కలిపి నొక్కితే నల్లటి తెర వస్తుందని కనుక్కుని, లంకెను వెనక్కి తిప్పి ఊపిరి పీల్చుకున్నాను. ఆ లైబ్రరీ ఫైలునే నేరుగా తెరిచి చేత్తో దిద్దాను. అద్దె ఇంటి గోడ పగలగొట్టి కిటికీ పెట్టుకున్నట్టు.

ఇంకో కేక మిగిలింది. దాన్ని కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే నా తప్పుకు తాళంచెవి నా చేతికే వచ్చింది అక్కడే.

చీటీలో ఊరి పేరు గడిలో సరిగ్గా కూర్చోవాలంటే అది ఎంత పొడవో తెలియాలి. రెండో పైథాన్ మామూలు మాటను బైట్లలో కొలిచేది. యూనికోడు తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. "తిరుపతి" అని ఇచ్చి పొడవు అడిగితే 21 అనేది. మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి అని ఏడు గుర్తులు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. నేను 2014లో దాన్ని మూడుతో భాగించి సర్దుకున్నాను. మూడో పైథాన్ గుర్తులనే లెక్కపెడుతుంది, నేరుగా 7 అంటుంది. నా కోడు ఆ ఏడును కూడా మూడుతో భాగించి 2.33 తెచ్చి, రెండూ చిల్లర ఖాళీలు ఎలా వేయనని మొరాయించింది. ఆ భాగహారం తీసేశాను, సరిపోయింది. భాగహారం తీరు మారిందని కళ్లారా చూశాను. ఒకచోట మారితే అన్నిచోట్లా మారుతుందని మాత్రం తోచలేదు.

మారింది ఇది. రెండో పైథాన్‌లో పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే జవాబు కూడా పూర్ణసంఖ్యే, మిగతాది రాలిపోతుంది. ఏడును రెండుతో భాగిస్తే మూడు. మూడో పైథాన్‌లో మూడున్నర. పాత పద్ధతే కావాలంటే ఒక ఏటవాలు గీత బదులు రెండు గీతలు గీయాలి. ఈ మార్పు 2001 నుంచి చెబుతున్నదే. "టూ టు త్రీ" పరికరం ఈ గీతను దిద్దదు, ఎక్కడ ఏ భాగహారం కావాలో దానికి తెలియదు కాబట్టి. పాత పైథాన్‌ను నడిపేటప్పుడు పక్కన "మైనస్ మూడు" అని చేర్చి ఉంటే, ఇలాంటి ప్రతి గీత దగ్గరా అదే హెచ్చరించేది. నేను ఆ హెచ్చరిక ఇచ్చే పైథాన్‌ను రాత్రి పదిన్నరకే తుడిచేశాను.

మూడు నలభైకి మొదటి చీటీ వచ్చింది. పరీక్షకని సరిగ్గా 4,000 కిలోలు వేశాను. మొత్తం కరెక్టుగా వచ్చింది. అంకె చివర ఒక చుక్క, ఒక సున్నా అదనంగా కనిపించాయి. చీటీ అందం పోతోందని వాటిని కనబడకుండా కత్తిరించాను. నన్ను ఆపడానికి ఆ రాత్రి వచ్చిన ఆఖరి మనిషి ఆ సున్నాయే. తెల్లవారాక మామ చీటీ చూసి, "అల్లుడంటే ఇట్టుండాల" అని అందరి ముందూ భుజం తట్టాడు. నేను ఆ మెచ్చుకోలును రెండు చేతులా తీసుకుని పడుకున్నాను.

మధ్యాహ్నం ఎవరో నన్ను కాలు పట్టి లేపారు. ఒక పెద్దాయన, తెల్లపంచె, చేతిలో చీటీ, ఇంకో చేతిలో నోట్ల కట్ట. ఆ రోజు ధర ఎంతో వదిలేయండి. లెక్క తేలిగ్గా ఉండడానికి టన్ను పన్నెండు వేలనుకుందాం, ఆయన కాయ 4,650 కిలోలు.

"నాలుగు టన్నులకు నలభై ఎనిమిది వేలు. ఆర్నూట యాభై కేజీలకు ఏడువేల ఎనిమిది నూర్లు. యాభై అయిదువేల ఎనిమిది నూర్లు గదా నాయనా. అరవై మూడువేల ఆర్నూరు ఎట్టేసినావు?"

పెన్ను లేదు, కాగితం లేదు. ఆయన ఆ లెక్క చెబుతుంటే నాకు నిద్రమత్తు ఒక్కో మెట్టూ దిగిపోయింది. నా ప్రోగ్రాములో కిలోలను వెయ్యితో భాగిస్తే టన్నులు, మిగిలిన కిలోలకు విడిగా లెక్క. పాత పైథాన్‌లో 4,650ని వెయ్యితో భాగిస్తే 4. కొత్తదానిలో 4.65. ఆ 650 కిలోలు టన్నుల్లో ఒకసారి, చిల్లరలో ఇంకోసారి, రెండుసార్లు పడ్డాయి. 4,000 అయితే చిల్లరే లేదు, అందుకే నా పరీక్ష నెగ్గింది. గోల చేసిన తప్పులన్నీ దిద్దాను. గోల చేయని తప్పు ఒక్కటీ రూపాయలు పంచుతూ కూర్చుంది.

అప్పటికి పంతొమ్మిది చీటీలు పోయాయి. ఎక్కువ పడ్డది మొత్తం లక్ష దాటింది. పదకొండు మందికి డబ్బు చేతికి ఇచ్చేశారు. మామ నన్ను ఒక్క మాట అనలేదు. బీరువాలోంచి పాత కార్బన్ పుస్తకం తీసి, దుమ్ము దులిపి, పెన్ను పట్టుకున్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని. పిల్లవాడు నా పక్కన కూర్చుని, గీత పక్కన ఇంకో గీత గీశాడు. దిద్దుబాటు అంతే. తర్వాత వాడూ నేనూ మోటారు సైకిలు మీద ఊరూరా తిరిగాం. చాలామంది చీటీ చూసి, మేం చెప్పకముందే నోట్లు తీసిచ్చారు, కొందరు తర్వాతి లోడులో మినహాయించుకోమన్నారు. ఇద్దరి దగ్గర రాలేదు, అది నా జీతంలోంచి కట్టాను. ఆ పెద్దాయన మాట వేరు. ఎక్కువొచ్చిన డబ్బు పట్టుకుని, ఎండలో, తనంతట తాను మండీకి నడిచి వచ్చాడు. ఆయన రాకపోతే ఆ సీజను ఇంకెన్ని చీటీలు అలా పోయేవో.

చేత్తో దిద్దిన లైబ్రరీ సంగతి ఇంకోటుంది. ఆ దిద్దుబాటును దాన్ని చూసుకునేవాళ్లకు పంపిద్దామని, కాస్త గర్వంగానే, వాళ్ల చోటుకు వెళ్లి చూశాను. అదే మార్పును వాళ్లు రెండేళ్ల కిందటే చేసి, కొత్త విడుదల ఇచ్చి, ఏం మారిందో వివరంగా రాసి పెట్టారు. నేను తెచ్చుకోవాల్సింది ఆ ఒక్క కొత్త ప్యాకేజీని. ఆ వివరణ చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. తొమ్మిదేళ్లలో ఆ రెండు నిమిషాలు నాకు దొరకలేదు. అప్పటిదాకా వాళ్లను "ఊరికే మారుస్తుంటారు" అని తిట్టుకున్నవాణ్ని, మొదటిసారి వాళ్లవైపు నుంచి చూశాను. చాలామందికి అది జీతంలేని పని. మన చీటీలో త కింద ఒత్తు సరిగ్గా కూర్చుంటోందంటే హార్ఫ్‌బజ్ లాంటి ఉచిత ఉపకరణాన్ని ఏళ్ల తరబడి ఎవరో సానబెట్టడం వల్లే. తెలుగు కూడా రాని మనుషులు మన ఒత్తుల గురించి అంత పట్టించుకున్నారు. వాళ్ల పని మీద నా అన్నం ఉడుకుతోంది.

అలాగని వచ్చినవన్నీ కళ్లు మూసుకుని ఎక్కించేయమని నేను అనను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు పరికరం కొత్త విడుదలల్లో, 5.6.0లోనూ 5.6.1లోనూ, ఎవరో దొంగదారి పెట్టారు. సహాయకుడిలా చేరి, నమ్మకం సంపాదించి చేసిన పని. దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు మొదట కనిపించిన ఆనవాలు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పట్టడం. అర సెకనును వదిలిపెట్టని మనిషి ఆయన. ఆ వార్త చదువుతుంటే నాకు తెల్లపంచె పెద్దాయన గుర్తొచ్చాడు.

ఇప్పుడు మండీలో ప్రోగ్రాముకు దాని పైథాన్, దాని లైబ్రరీలు విడిగా ఒక గదిలో ఉంటాయి, కంప్యూటరు సొంత పైథాన్ జోలికి పోము. ఏ లైబ్రరీ ఏ విడుదలో ఒక ఫైలులో రాసి ఉంటుంది. మామ కార్బన్ పుస్తకంలోంచి నలభై పాత చీటీలు ఎంచి పెట్టాం, చిల్లర కిలోలు ఉన్నవే చూసి. ఏది మార్చినా ముందు ఆ నలభై మొత్తాలూ రూపాయికి రూపాయి సరిపోవాలి. వాటిలో మొదటిది 4,650 కిలోలది. ఈ నలభై చీటీల పరీక్ష రాసింది నా బావమరిది. వాడి పేరు ఫైలు పైన రాయించాను.

మీ దగ్గరా అలాంటిదొకటి ఉండే ఉంటుంది. స్కూలు ఫీజుల లెక్కో, పాలకేంద్రం రిజిస్టరో, ఎప్పుడో ఎవరో రాసిచ్చి, ముట్టుకోవద్దని చెప్పి వెళ్లినది. దాన్ని తీరిక ఉన్న నెలలో ఒకసారి తెరవండి, పాతదాన్ని పక్కన నడుస్తూ ఉండనిచ్చి. మేం వాడుతున్న పైథాన్ 3.10కి భద్రతా దిద్దుబాట్లు 2026 అక్టోబరుతో ఆగిపోతాయి. మా మార్పు ఆగస్టులో, ఆఖరి లోడు పోయిన మర్నాడు మొదలవుతుంది.